బూమర్ అంటే ఎవరు? ఎవరిని అనొచ్చు, ఎప్పుడు అనకూడదు? తరచుగా అడిగే ప్రశ్నలు

పోయిన సంక్రాంతికి తెనాలిలో మా ఇంట్లో అందరం టిఫిన్లకి కూర్చున్నాం. మాటల్లో మాటగా మా మావయ్య, "మా రోజుల్లో హైదరాబాదుకి ఒక ట్రంక్ కాల్ కలవాలంటే పోస్టాఫీసు బెంచీ మీద మూడు గంటలు కూర్చోవాలి" అన్నాడు. పదో తరగతి చదివే ఆయన మనవడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "ఓకే బూమర్" అన్నాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. మావయ్య కోప్పడలేదు. జేబులోంచి చిన్న డైరీ తీసి, "ఏమిట్రా ఆ మాట, ఇంకోసారి చెప్పు" అని రాసుకున్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఒత్తు భ తో 'భూమర్' అని రాశాడు. "భూమికి సంబంధించిందా?" అని అడిగాడు.

మనవడికి జవాబు తెలియలేదు. "అంటే... పాతకాలం వాళ్లు, తాతయ్యా" అని నసిగాడు.

ఆ రోజు మావయ్యకి చెప్పినవీ, ఆ తర్వాత చుట్టాలూ స్నేహితులూ వాళ్ల పిల్లలూ అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

బూమర్ అంటే సూటిగా ఏమిటి?

రెండు అర్థాలున్నాయి. మొదటిది లెక్కకు సంబంధించింది: అమెరికాలో 1946 నుంచి 1964 దాకా పుట్టినవాళ్లు. రెండోది ఈ మధ్య వచ్చింది: కాలం మారిందని ఒప్పుకోకుండా, చిన్నవాళ్ల కష్టాన్ని కొట్టిపారేస్తూ మాట్లాడే పెద్దమనిషి. మన పిల్లలు వాడేది ఈ రెండోది. ఇంట్లో గొడవలు వచ్చేది మాత్రం ఈ రెండూ కలగాపులగం అయిపోవడం వల్లే.

అసలు ఆ పేరు ఎలా వచ్చింది?

'బేబీ బూమ్' అనే మాట నుంచి వచ్చింది. బూమ్ అంటే ఉన్నట్టుండి వచ్చిన పెరుగుదల. 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. లక్షల మంది అమెరికన్ సైనికులు ఇళ్లకు తిరిగొచ్చారు. అంతకుముందు పదేళ్లు ఆర్థిక మాంద్యం, ఆ తర్వాత యుద్ధం. పెళ్లిళ్లూ పిల్లలూ అన్నీ వాయిదా పడి ఉన్నాయి. అవన్నీ ఒక్కసారిగా జరిగాయి. 1945లో ఆ దేశంలో పుట్టిన పిల్లలు దాదాపు 29 లక్షలు. మరుసటి ఏడాదికే 34 లక్షలు. 1957లో 43 లక్షలు. 1954 నుంచి 1964 దాకా ఏ ఏడూ 40 లక్షలకు తగ్గలేదు. 1965లో ఆ గీత కిందికి దిగింది. అందుకే 1964 దగ్గర ఆపుతారు. ఈ 19 ఏళ్లలో పుట్టినవాళ్లు మొత్తం సుమారు 7.6 కోట్లు.

1960లో అక్కడ గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చింది. జననాలు తగ్గడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

ఈ పిల్లలు పెరుగుతూ పోయిన చోటల్లా చోటు చాలలేదు. ముందు బడులు, తర్వాత కాలేజీలు, ఆ తర్వాత ఉద్యోగాలు, ఇళ్లు. తూములోకి ఒక్కసారి వరద నీరు వదిలితే అది ఎక్కడిదాకా వచ్చిందో గట్టు మీద నిలబడి చూసినట్టు, అక్కడి పత్రికలూ ప్రభుత్వమూ ఈ తరాన్ని చూస్తూ వచ్చాయి. 1946 జనవరి 1న అర్ధరాత్రి దాటిన ఒక్క సెకనుకు ఫిలడెల్ఫియాలో పుట్టిన కాథ్లీన్ కేసీ-కిర్ష్‌లింగ్‌ని 'మొదటి బూమర్' అంటారు. 2007లో ఆమె పదవీ విరమణ భత్యానికి దరఖాస్తు పెట్టుకుంటే అది దేశమంతా వార్త అయింది. ఆ ఒక్క కాగితం వెనక ఇంకా కోట్ల కాగితాలు రాబోతున్నాయని అందరికీ తెలుసు మరి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మాట పుట్టినప్పుడు అందులో తిట్టు లేదు. అది జననాల లెక్క.

ఆ ఏళ్లలో పుట్టిన వాళ్లంతా ఒకేలాంటి వాళ్లా?

కానే కాదు. ఈ మాట వాడే పిల్లలకు నేను ముఖ్యంగా చెప్పేది ఇదే. బిల్ క్లింటన్, జార్జ్ బుష్ జూనియర్, డొనాల్డ్ ట్రంప్ ముగ్గురూ 1946లోనే పుట్టారు. ముగ్గురివీ మూడు దారులు. బరాక్ ఒబామా పుట్టింది 1961లో. లెక్క ప్రకారం ఆయనా బూమరే. 1946లో పుట్టిన మగపిల్లవాడికి ఇరవై ఏళ్లు వచ్చేసరికి వియత్నాం యుద్ధానికి రమ్మని పిలుపు వచ్చే భయం ఉంది. 1961లో పుట్టినవాడికి ఆ యుద్ధం చిన్నప్పుడు టీవీలో చూసిన జ్ఞాపకం మాత్రమే.

"వాళ్లకన్నీ అమిరాయి" అనే మాట కూడా అందరికీ వర్తించదు. యుద్ధం తర్వాత న్యూయార్క్ పక్కన 1947లో మొదలైన లెవిట్‌టౌన్‌లో వేల ఇళ్లు చవగ్గా కట్టి అమ్మారు. బూమర్ల అమ్మానాన్నలు చాలామంది అలాంటి ఇళ్లలోనే కాపురాలు పెట్టారు. కానీ ఆ ఇళ్లను నల్లజాతి కుటుంబాలకు అమ్మలేదు. ఆ కుటుంబాల్లోనూ అవే ఏళ్లలో పిల్లలు పుట్టారు. వాళ్లూ బూమర్లే.

లెక్కల మాట కాస్తా ఎత్తిపొడుపు ఎలా అయింది?

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత చదువులు ముగించిన అమెరికన్ పిల్లలకు ఉద్యోగాలు దొరకడం కష్టమైంది. చదువుకు తీసుకున్న అప్పులు మెడకు చుట్టుకున్నాయి. ఇల్లు కొనడం గగనమైంది. ఇవి చెప్పుకుంటే పెద్దల దగ్గర్నుంచి వచ్చిన జవాబు, "కష్టపడి పనిచెయ్యండి, కాఫీలకి తగలెయ్యకండి, మేము చెయ్యలేదా?" అని. వాతావరణ మార్పు గురించి అడిగితే "మేము ఇలాంటివి ఎన్ని చూశాం" అని. ఎంత వివరంగా చెప్పినా ఎదుటివాడు వినడని తెలిశాక నోట్లోంచి వచ్చే మాట పొట్టిగానే ఉంటుంది. 2019 చివర్లో టిక్‌టాక్ వీడియోలతో 'ఓకే బూమర్' అనే ఆ పొట్టి మాట ప్రపంచమంతా పాకింది. "సర్లే, నీతో వాదించడం దండగ" అని దాని భావం.

ఈ బూమర్లు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు వాళ్ల నోట నానిన నినాదం, "ముప్ఫై దాటినవాళ్లని నమ్మొద్దు." 1964లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో వాక్ స్వాతంత్ర్యం కోసం ఉద్యమం జరుగుతున్నప్పుడు జాక్ వైన్‌బర్గ్ అన్న మాట అది. ఆయన 1940లో పుట్టారు, అంటే ఆయన బూమర్ కూడా కాదు. కానీ ఆ మాటని తమదిగా చేసుకున్నది బూమర్లే. యాభై ఐదేళ్ల తర్వాత అదే భావం వాళ్ల మనవల నోట వాళ్లకే తిరిగొచ్చింది.

న్యూజిలాండ్ పార్లమెంటులో ఎవరో అన్నారట, నిజమేనా?

నిజమే. 2019 నవంబరులో కర్బన ఉద్గారాల బిల్లు మీద క్లోయీ స్వార్‌బ్రిక్ అనే 25 ఏళ్ల సభ్యురాలు మాట్లాడుతున్నారు. 2050 నాటికి తనకు 56 ఏళ్లు ఉంటాయనీ, ఇప్పుడీ సభలో సభ్యుల సగటు వయసు 49 అనీ చెబుతుండగా ఎదుటి వరసలోంచి ఒకరు ఏదో అడ్డుతగిలారు. ఆమె ఆగకుండా, గొంతు పెంచకుండా "ఓకే బూమర్" అనేసి తన ప్రసంగం కొనసాగించారు. పార్లమెంటు టీవీలో కింద అక్షరాలు వేసేవాళ్లకు ఆ మాట తెలియక 'ఓకే, బెర్మా' అని వేశారు. మా మావయ్య డైరీలో 'భూమర్' చూడగానే నాకు అదే గుర్తొచ్చింది. కొత్త మాట చెవిన పడినప్పుడు ఎవరైనా తమకు తెలిసిన అక్షరాల్లోనే కదా దాన్ని పట్టుకునేది.

బూమర్ అంటే చూయింగ్ గమ్ కాదా?

అదీ అవును. 90ల్లో మన కిరాణా కొట్లలో అద్దాల సీసాల్లో ఉండే బబుల్‌గమ్ పేరు అదే. ముప్ఫై, నలభైల్లో ఉన్నవాళ్లకు ఈ మాట వినగానే ముందు నోట్లో తీపి తగులుతుంది. దానికీ దీనికీ సంబంధం లేదు.

మన దేశంలో అవే ఏళ్లలో పుట్టినవాళ్లు బూమర్లు అవుతారా?

లెక్క ప్రకారం కారు. అమెరికాలో జననాలు ఎగిసి, తర్వాత పడ్డాయి. అలా ఎగిసిపడటం వల్లే ఆ మధ్యలో పుట్టినవాళ్లు విడిగా కనబడతారు. మన దగ్గర అలా జరగలేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికే జననాలు ఎక్కువ, మరణాలూ ఎక్కువే. ఆ తర్వాత మశూచి, మలేరియా, కరువు చావులు తగ్గుతూ వచ్చాయి. జననాలు చాలాకాలం అలాగే ఉన్నాయి. 1951 జనగణనలో 36 కోట్లున్న దేశం 1971కి దాదాపు 55 కోట్లు అయింది. పెరుగుదల ఉంది గానీ 1964 దగ్గర గీత గీయడానికి ఏమీ లేదు.

అనుభవమూ వేరు. అక్కడి తరం పెరిగింది మిగులులో, ఇక్కడి తరం పెరిగింది రేషన్ కార్డుతో. మన పెద్దవాళ్లు తమ వయసు ఎలా చెబుతారో గమనించండి. "రజాకార్ల కాలంలో నేను చంకలో పిల్లని", "69 ఉద్యమం అప్పుడు కాలేజీలో చేరాను", "దివిసీమ ఉప్పెన నాటికి నాకు పెళ్లయింది." ఒక్కో ఊరికి ఒక్కో గుర్తు. వీళ్లందర్నీ కలిపి ఒక పేరు పెట్టాలంటే అది అమెరికా నుంచి తెచ్చుకున్న పేరు అవ్వదు.

ఒక్క చోట మాత్రం ఆ మాటకు మనవాళ్లతో నేరుగా చుట్టరికం ఉంది. 1965లో అమెరికా వలస చట్టం మారాక వెళ్లిన తెలుగు డాక్టర్లూ ఇంజనీర్లలో చాలామంది సరిగ్గా ఆ ఏళ్లలో పుట్టినవాళ్లు. వాళ్ల పిల్లలు అక్కడ పుట్టి పెరిగారు. ఆ ఇళ్లలో 'బూమర్' అంటే రెండు అర్థాలూ ఒకేసారి తగులుతాయి.

మరి 'బూమర్ అంకుల్' అని ఎవరిని అంటున్నారు?

పుట్టిన ఏడుతో పనిలేదు. ముప్ఫై ఐదేళ్ల వాడిని కూడా అనేస్తున్నారు. మన దగ్గర ఈ మాట నేను వింటున్న తీరు ఇలా ఉంటుంది:

"వాడప్పుడే బూమర్ అయిపోయాడ్రా, రీల్స్ చూస్తే చెడిపోతారంట."
"బూమర్ మాటలు మాట్లాడకు అన్నయ్యా."
"ఆ గ్రూపులో ఉండలేను, అంతా బూమర్ అంకుల్సే."

పొద్దున్నే గులాబీ బొమ్మతో శుభోదయాలు పంపేవాళ్లనీ, వేడినీళ్లలో పసుపు కలిపి తాగితే అన్నీ పోతాయని ఫార్వర్డ్ చేసేవాళ్లనీ, ఆడపిల్లల బట్టల గురించి హితవు చెప్పేవాళ్లనీ అందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఇది నాకు సమ్మతం కాదు. గులాబీ బొమ్మ పంపే మనిషి "నేను లేచాను, బాగున్నాను" అని చెబుతున్నాడు. ఒంటరిగా ఉండే మా పెద్దమ్మ దగ్గర్నుంచి ఒకరోజు ఆ బొమ్మ రాకపోతే మేము కంగారుపడి ఫోన్ చేస్తాం. ఆడపిల్లల బట్టల మీద తీర్పులు చెప్పేవాడి సంగతి పూర్తిగా వేరు. ఇద్దరికీ ఒకటే పేరు పెట్టేస్తే రెండోవాడు తప్పించుకుంటాడు.

తెలుగులో దీనికి మాట లేదా?

ఉంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. బూమర్ అనే ఒక్క మాట చేసే పనిని మన మాటలు పంచుకుని చేస్తాయి, చేసేది ఇంకా కచ్చితంగా చేస్తాయి.

చెప్పిందే చెప్పడం, పట్టిన పట్టు విడవకపోవడం *చాదస్తం*. ఈ మాట చరిత్ర చాలా బాగుంటుంది. ఛందస్సు అంటే వేదం. ఛాందసుడు అంటే వేదం చదువుకున్నవాడు. పండితుడికి పెట్టిన పేరు రానురాను లోకం పోకడ తెలియని మనిషికి అంటుకుంది. బూమర్ లాగే ఇదీ తిట్టుగా పుట్టింది కాదు, తర్వాత అలా మారింది. కానీ పెద్ద తేడా ఒకటుంది. చాదస్తం వయసుకి కాదు, అలవాటుకి తగులుతుంది. "పాతికేళ్లకే వీడికింత చాదస్తమేమిటి?" అని హాయిగా అనొచ్చు. పైగా అందులో ప్రేమ కూడా పడుతుంది. "మా అమ్మ చాదస్తం గానీ, రైలెక్కేముందు డబ్బాలో పులిహోర పెట్టకుండా ఉంటుందా?" అనే వాక్యంలో చాదస్తం తీసి బూమర్ పెట్టి చూడండి. వాక్యం చచ్చిపోతుంది.

కాలం చెల్లిన అభిప్రాయానికి *పాత చింతకాయ పచ్చడి*. ఇది మనిషిని అనదు, అతను చెప్పిన విషయాన్ని అంటుంది. ఆగకుండా విసిగించే మాటలకు *సోది*, *సుత్తి*. ఈ సుత్తి ఎనభైల్లో జంధ్యాల సినిమాల పుణ్యాన ఇంటింటికీ చేరింది. అప్పట్లో దాన్ని తమ పెద్దల మీద వాడిన కుర్రాళ్లే ఇవాళ బూమర్ అనిపించుకుంటున్నారు. అడక్కపోయినా నీతులు చెప్పడం *క్లాసు పీకడం*. వయసును అడ్డుపెట్టుకుని మాట నెగ్గించుకోవడం *పెద్దరికం వెలగబెట్టడం*. బూమర్ అనే మాటకు అసలు అర్థంలో అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఈ చివరిదే అని నా అభిప్రాయం.

'ముసలోడు', 'ముసల్ది' అనేవి వీటి పక్కన పెట్టకూడదు. అవి ఒంటిని అంటాయి. అలవాటు మార్చుకోవచ్చు, వయసు మార్చుకోలేరు కదా.

వేరే భాషల్లో కూడా ఇలాంటివి ఉన్నాయా?

కొరియాలో 'కొందే' అంటారు. తాను చెప్పిందే సరి అనుకుంటూ చిన్నవాళ్ల మీద అధికారం చేసే పెద్దమనిషి. ఆఫీసుల్లో బాగా వినబడుతుంది. జపాన్‌లో 1947–49 మధ్య పుట్టినవాళ్లకు 'దంకై తరం' అని పేరు, అంటే ముద్దగా ఒకచోట చేరినవాళ్లు. అది మాత్రం లెక్కల మాటే. ఆస్ట్రేలియాలో బూమర్ అంటే మగ కంగారూ కూడా.

బూమర్ అనడం తిట్టు కిందికి వస్తుందా? ఆఫీసులో అనొచ్చా?

2019లో అమెరికాలో ఒక రేడియో వ్యాఖ్యాత, ఈ మాట నల్లజాతివాళ్లను అవమానించే మాటతో సమానం అన్నాడు. జనం ఊరుకోలేదు. బానిసత్వం మోసిన మాటనీ, దీన్నీ ఒక తక్కెడలో పెట్టడం తప్పు. నేనూ అదే అంటాను.

అలాగని ఆఫీసులో అనేయొచ్చని కాదు. అమెరికాలో 40 ఏళ్లు, ఆపైబడ్డవాళ్లను వయసు కారణంగా ఉద్యోగంలో చిన్నచూపు చూడకుండా 1967 నుంచే చట్టం ఉంది. 2020 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టులో వయోవివక్ష కేసు వాదనలు నడుస్తుండగా ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ స్వయంగా అడిగారు, ఉద్యోగం ఇచ్చేవాడు అభ్యర్థిని ఒక్కసారి 'ఓకే బూమర్' అంటే అది వివక్ష కింద దావాకు వస్తుందా అని. రాబర్ట్స్ 1955లో పుట్టారు. అమెరికాలో పనిచేసే మన పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. ఇక్కడి ఆఫీసుల్లో అయినా, యాభై ఏళ్ల సహోద్యోగి ఇచ్చిన సలహా నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పండి. మీటింగ్‌లో అతని వయసు ఎత్తకండి.

అమ్మానాన్నల్ని అనొచ్చా?

ఇక్కడో చిన్న భాషా రహస్యం ఉంది. తెలుగులో పెద్దవాళ్లతో ఏం మాట్లాడాలన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: నువ్వా, మీరా? చివర్లో అండి ఉందా, లేదా? "నీకేం తెలీదు, ఊరుకో" అని మావయ్యని అనడానికి ఏ మనవడికైనా నోరు రాదు. 'ఓకే బూమర్'లో నువ్వూ లేదు, మీరూ లేదు. అనాల్సింది అనేసి మర్యాద తప్పిన జాడ లేకుండా జారుకోవచ్చు. పిల్లలకు అది అందుకే అంత తేలిగ్గా వస్తుంది. అదే భావాన్ని తెలుగులో పూర్తి వాక్యంగా అనగలరా అని ముందు చూసుకోమంటాను. అనలేకపోతే ఇంగ్లిష్‌లోనూ అనకండి. "నాన్నా, మీ రోజుల్లో అలా ఉండేదేమో, ఇప్పుడు అద్దెకే సగం జీతం పోతోంది" అంటే ఆయన వినే అవకాశం ఉంది.

తెలుగులో ఎలా రాయాలి?

బూమర్, బహువచనం బూమర్లు. ఒత్తు లేని బ. ఆడా మగా ఇద్దరికీ ఒకటే. గౌరవంగా రాయాల్సిన చోట 'పెద్దవాళ్లు', సర్కారీ కాగితాల్లో 60 దాటితే 'వయోవృద్ధులు' లేదా 'సీనియర్ సిటిజన్లు'.

నన్నే బూమర్ అంటున్నారు. ఏం చెయ్యాలి?

మీరన్న ఏ మాటకి అన్నారో చూసుకోండి. పెద్దల మాట చద్దిమూట అంటారు. చద్దిమూట ఆకలైనవాడు విప్పుకుంటాడు, బలవంతంగా నోట్లో కుక్కితే ఎవరూ తినరు. "మా రోజుల్లో" అని మొదలుపెట్టి "మీరూ ఉన్నారు" అని ముగిస్తే ఎవరికైనా విసుగే. అదే "మా రోజుల్లో" తర్వాత జరిగింది జరిగినట్టు చెబితే వింటారు.

ఆ సంక్రాంతి సాయంత్రం అదే జరిగింది. మా మావయ్య కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. 1977 నవంబరు ఉప్పెనకు ఆయనకు 22 ఏళ్లు, ఉద్యోగంలో కొత్త. పడిపోయిన లైన్లు నిలబెట్టడానికి అవనిగడ్డ వైపు పంపారు. ఎటు చూసినా స్తంభాలు వరి దుబ్బుల్లా ఒకే వైపుకి వాలిపోయి ఉన్నాయనీ, బురదలో గుంట తవ్వితే గంటలో నీళ్లు ఊరి పూడిపోయేదనీ, తాగడానికి మంచినీళ్లు లారీలో వచ్చేవనీ చెప్పాడు. ఎవరితోనూ పోల్చలేదు, నీతి చెప్పలేదు. మనవడు ఫోన్ పక్కనపెట్టి, "మరి గుంట నిలవకపోతే స్తంభం ఎలా నిలబెట్టారు తాతయ్యా?" అని అడిగాడు. మావయ్య డైరీ తీసి బొమ్మ గీసి చూపించాడు.

మర్నాడు ఆ డైరీ బల్ల మీద ఉంటే చూశాను. స్తంభం బొమ్మ ఎదుటి పేజీలో 'భూమర్' లోని భ కొట్టేసి ఉంది. పైన పిల్లవాడి రాతలో, ఒత్తు లేని బ.